కాళ్ళు వేలాడేసిన పిట్ట

శనివారం ఉదయం ఏడుంబావుకి కొండ కింద మట్టిరోడ్డు పక్కన ఉన్నవాళ్ళం: నేను, నా భార్య, మా ఆఫీసులో పక్క విభాగంలో పనిచేసే అన్న, అన్న కుక్క. ఉన్న వస్తువులు: అన్న పికప్ ట్రక్కు, జంట గొట్టాల షాట్‌గన్‌లు రెండు, రెండూ అన్నవే, తూటాలు మనిషికి పాతిక, నీళ్ళు మనిషికి మూడు లీటర్లు, కుక్కకి రెండు, వాకీటాకీలు రెండు, బైనాక్యులర్ ఒకటి, పులిహోర డబ్బా, పెరుగు డబ్బా, అరటికాయ చిప్స్, నా హంటింగ్ లైసెన్సు, దాని జిరాక్సు కాపీలు రెండు. ఫోన్లు మూడున్నాయి, సిగ్నల్ ఒక్కదానికీ లేదు. ఉష్ణోగ్రత మైనస్ రెండు. గాలి పడమటి నుంచి నెమ్మదిగా వీస్తోంది.

పిట్టలు ఎన్ని ఉన్నాయో తెలియదు. కంటికి కనిపించలేదు, చెవికి మాత్రం వినిపించాయి. పైన నల్లరాతి అంచు దగ్గర ఎక్కడో ఒకటి "చక్ చక్ చకర్ చకర్" అని మొదలుపెట్టింది. దానికి పక్క లోయలోంచి ఇంకొకటి బదులు పలికింది. నేను జేబులోంచి నోటుబుక్కు తీశాను.

"ఏం రాస్తున్నావ్?" అంది నా భార్య. దుప్పటి కప్పుకుని, కిందికి దించిన ట్రక్కు వెనక తలుపు మీద కూర్చుని ఉంది.

"ఏడు పద్దెనిమిది. మొదటి కూత."

"రైలు టైంలాగా."

అన్న కుక్క మెడకి పట్టీ కడుతూ నవ్వాడు. "ఆఫీసుల గూడ గిట్లనే చెల్లె. మొన్న కాఫీ మిషన్ ఖరాబైతే దానికి గూడ రిపోర్టు రాసిండు."

"ఇంట్లో కుక్కర్‌కి రాశాడన్నయ్యా. ఎన్ని విజిల్స్‌కి పప్పు ఎంత మెత్తబడిందో."

ఆ కొండలు అమెరికాలో మేముండే బోయిసీ నుంచి రెండు గంటల దూరం, స్నేక్ నది రిజర్వాయరు పైన. చెట్టన్నది లేదు. మోకాలెత్తు ఎండుగడ్డి, బూడిదరంగు సేజ్ పొదలు, వాటి మధ్య మెట్లు మెట్లుగా నల్లరాతి అంచులు, ఆ అంచుల కింద విరిగిపడిన రాళ్ళ పోగులు. నీళ్ళు కిందే ఉన్నాయి, అయినా పైన నేల పొడిపొడిగా ఉంది. అడుగు వేస్తే గుప్పెడు రాళ్ళు జారిపోతాయి. ఫోన్‌తో వాలు కొలిచాను. కింద ఇరవై రెండు డిగ్రీలు, పైన ముప్పై ఎనిమిది.

నేను చాండ్లర్ నుంచి బోయిసీకి మారి అప్పటికి రెండేళ్ళు. రెండుచోట్లా చిప్పుల ఫ్యాక్టరీ పనే, రెండుచోట్లా చుట్టూ ఎడారే. కానీ అక్కడ వారాంతాల్లో నేను కొండ ఎక్కిన గుర్తు లేదు. ఇక్కడ ఎక్కించింది ఒక టిఫిన్ డబ్బా. ఒకరోజు లంచ్ రూంలో అన్న డబ్బా తెరిస్తే అందులో ఇగురు కూర ఉంది, సన్న ఎముకలతో.

"ఏం కోడన్నా ఇది?"

"కోడి గాదు తమ్మీ. చకోరం."

వేళాకోళం అనుకున్నాను. బళ్ళో తెలుగు వాచకంలో చకోరం వెన్నెల తాగి బతుకుతుందని చదువుకున్నవాణ్ణి. దానికి ఎముకలుంటాయని, అల్లం వెల్లుల్లితో ఉడుకుతుందని నాకెవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి చదివాను. నిజమే. కౌజు జాతి. మన దేశపు వాయవ్య కొండల్లోనూ వాటి అవతలా ఉండే పిట్ట. వేట కోసం అమెరికావాళ్ళు తెచ్చి చాలాచోట్ల వదిలారు. తడి ఉన్నచోటల్లా చచ్చిపోయి, ఇలాంటి మొండికొండల్లో మాత్రం బతికి పెరిగింది. బరువు అరకిలోకి కొంచెం అటూఇటూ. ఎర్రటి ముక్కు, ఎర్రటి కాళ్ళు, కళ్ళ మీదుగా గొంతు చుట్టూ నల్లటి పట్టీ. తరిమితే కొండ పైకి పరుగెడుతుంది, పైకి ఎగరదు. ఎగిరితే కిందికే. ఇంత చదివాక నా దగ్గర ప్రశ్నలు పదిహేనో పదహారో మిగిలాయి. ఎక్కడ నీళ్ళు తాగుతుంది, మంచు పడితే ఏం తింటుంది, ఇరవై పిట్టలు ఒకేసారి ఎగరాలని ఎలా నిర్ణయించుకుంటాయి. వాటికి జవాబులు కావాలంటే కొండెక్కాలన్నాడు అన్న.

పది నెలలు పట్టింది. వేటగాళ్ళకి పెట్టే భద్రతా కోర్సు పూర్తిచేశాను. ప్రతి ఆదివారం రేంజ్‌లో గాల్లోకి విసిరే మట్టి బిళ్ళల్ని కొట్టడం నేర్చుకున్నాను. మొదటివారం పాతికకి నాలుగు, చివరివారం పాతికకి పదహారు. నాలాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి చేతబట్టడం మామూలుగా చట్టానికి విరుద్ధం. హంటింగ్ లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. అందుకే ఆ కాగితానికి జిరాక్సులు తీసింది.

కాగితాల కన్నా గట్టి షరతు ఇంట్లో ఉంది. నా భార్య మాంసం మానిన మనిషి కాదు. వాళ్ళింట్లో నాటుకోళ్ళు పెంచేవాళ్ళు. పదమూడేళ్ళకే కోడిని కోసి శుభ్రం చేయడం ఆమెకి వచ్చు. నేనేమో చికెన్‌ని ప్యాకెట్లోనే చూసినవాణ్ణి. తుపాకి సంగతి ఎత్తినప్పుడు ఆమె ఒకటే మాట చెప్పింది.

"తినడానికి చంపితే నేనేం అనను. కానీ నువ్వు కొట్టింది ఏదీ కొండమీద ఉండిపోకూడదు. ఒక్కటి ఉండిపోయినా సరే, తుపాకి అన్నయ్యకి తిరిగిచ్చేసి రావాలి. ఇంక మళ్ళీ లేదు."

"గాయపడి దొరక్కపోతే?"

"అదే చెప్తున్నా."

ఒప్పుకున్నాను. అన్నకి చెబితే, "మంచి షరతే" అన్నాడు. దొరకని పిట్టని కూడా కొట్టినవాడి లెక్కలోనే వేసుకోవాలని వేటగాళ్ళలో పద్ధతి ఉందట. రోజుకి మనిషికి ఎనిమిది హద్దు. ఏడు సంచిలో ఉండి ఒకటి దొరక్కపోతే ఆ మనిషికి ఆ రోజు అయిపోయినట్టే. "ఎవడు చూస్తడన్నా?" అని అడిగితే, "ఎవడూ చూడడు. అందుకే పద్ధతి" అన్నాడు.

ఆ మొదటి వేటకి ఆమె తనూ వస్తానంది. పైకి కాదు, కింద ట్రక్కు దగ్గర ఉంటుంది. అన్న ఆమె చేతికి బైనాక్యులరూ ఒక వాకీటాకీ ఇచ్చాడు.

"పిట్టలు ఎగిరినయంటే కిందికే వస్తయ్ చెల్లె. మాకంటే నీకే మంచిగ కనబడతయ్."

"ఓవర్ అనాలా అన్నయ్యా, మాట్లాడి?"

"ఏం అవసరం లేదు."

"నాకు అనాలనుంది."

ఏడున్నరకి బయల్దేరాం. అన్నకి నలభై ఎనిమిదేళ్ళు, వరంగల్ మనిషి, ఇక్కడికి వచ్చి ఇరవై రెండేళ్ళు, మోకాళ్ళకి పట్టీలు. అయినా నాకన్నా ముందే నడిచాడు. నిట్టనిలువుగా ఎక్కడు, వాలుకి అడ్డంగా, చాలా నెమ్మదిగా, ఒక్కసారి కూడా ఆగకుండా ఎక్కుతాడు. నేను గబగబా యాభై అడుగులు వేసి, రెండు నిమిషాలు ఆయాసపడి, మళ్ళీ యాభై వేసేవాణ్ణి. గంట తర్వాత ఆయన నాకన్నా ముప్పై మీటర్లు పైన ఉన్నాడు. ఆగకుండా నడిచినవాడి చెమట తక్కువ, నీళ్ళ ఖర్చూ తక్కువ. మర్నాటికి గుర్తుండాలని అది కూడా రాసుకున్నాను.

కుక్క మాత్రం మా ఇద్దరి చుట్టూ కొండంతా ఉతికేస్తోంది. గోధుమరంగు మచ్చలది, పిట్ట వాసన తగిలితే ఆగి ముక్కుతో చూపించే పాయింటర్ జాతి, ఆడది, ఆరేళ్ళు. ఎవరో అమెరికా వేటగాడి దగ్గర శిక్షణ పొందాక అన్న దగ్గరికి వచ్చిందట. అన్న దానితో రోజంతా తెలుగులోనే మాట్లాడతాడు. "ఏం బిడ్డా, దూపైందా, నీళ్ళు తాగు" అంటాడు. పిట్ట వాసన పట్టిన క్షణం నుంచి మాత్రం ఇంగ్లీషు.

"అదేంటన్నా?"

"దానికి తెలుగొచ్చు. డ్యూటీ టైంల ఇంగ్లీషే. నీ లెక్క, నా లెక్క."

పదిన్నరకి పై అంచు కిందికి చేరాం. కింద ట్రక్కు అగ్గిపెట్టెలా ఉంది. అక్కడ కుక్క ఆగిపోయింది. ఒక కాలు ఎత్తి, తోక బిగించి, ముక్కు ఒక సేజ్ పొద వైపు పెట్టి, బొమ్మలా నిలబడిపోయింది. అన్న దూరం నుంచి చెయ్యెత్తి నన్ను కుడివైపు నుంచి రమ్మన్నాడు. నేను నడిచాను. నాలుగడుగులు, ఐదు. అక్కడ ఏమీ లేదనే అనుకున్నాను.

ఆరో అడుగుకి కొండ పేలింది. అంత చప్పుడు చేస్తాయని ఏ పుస్తకంలోనూ లేదు. పద్దెనిమిదో ఇరవయ్యో పిట్టలు, అన్నీ ఒకేసారి, నా పక్కనుంచి కిందికి, విసిరిన రాళ్ళలా. మట్టి బిళ్ళలు పైకి లేస్తాయి. ఇవి నా పాదాల కిందికి పడిపోతున్నాయి. తుపాకి కిందికి ఎలా తిప్పానో గుర్తు లేదు. రెండుసార్లు కాల్చాను; అన్న ఆ మొదటి గుంపుని నాకే వదిలేశాడు. మొదటిదానికి ఒక పిట్ట గాల్లోనే ముడుచుకుని, ముప్పై మీటర్ల కింద గడ్డిలో పడింది.

అక్కడ నేను చేసిన పని ఇది. తుపాకి విప్పి, ఖాళీ చేసి, నేల మీద పెట్టి, ఫోన్ తీసి, మ్యాప్‌లో పిట్ట పడ్డ చోటుకి పిన్ పెట్టాను. ఎత్తు, టైము, గాలి దిశ నమోదు చేశాను. అన్నీ కలిపి అర నిమిషం కూడా పట్టి ఉండదు. కాల్చాక పిట్టల గుంపు కనుమరుగయ్యేదాకా తల దించకూడదని అన్న నాకు కనీసం నాలుగుసార్లు చెప్పాడు. ఆ మాట నా నోటుబుక్కులో ఏడో నియమంగా రాసి కూడా ఉంది. రాసి ఉందన్న ధీమాయేమో, తల దించాను. పైగా ఫోన్ గుర్తుపెట్టుకున్నది నేను నిలబడ్డ చోటుని, పిట్ట పడ్డ చోటుని కాదు.

దాంతో నష్టం లేకపోయింది. కుక్కకి నా పిన్ అక్కర్లేదు. రెండు నిమిషాల్లో పిట్టని నోట కరుచుకొచ్చి అన్న చేతిలో పెట్టింది.

"కొట్టినవ్ తమ్మీ!" అని అన్న నా వీపు మీద చరిచాడు.

పిట్ట వెచ్చగా ఉంది. ఛాతీ మీద బూడిదరంగు, పక్కల నల్ల చారలు కొలబద్దతో గీసినట్టు సమానమైన దూరంలో. అన్న కత్తితో గొంతు కింద మేత సంచి కోసి చూపించాడు. పిట్టలు ఆ వారం ఏం మేస్తున్నాయో తెలిస్తే ఏ ఎత్తులో వెతకాలో తెలుస్తుందట. సంచిలో లేత పచ్చగడ్డి మొలకలు, సన్న గింజలు, ఒక ఎర్రపురుగు. మొలకలున్నాయంటే అంచు అవతల ఎండ తగిలే దక్షిణపు వాలులో తిరుగుతున్నాయన్నమాట. నాకు తల తిరిగినంత సంతోషమైంది. ఒక పిట్ట గొంతులో కొండ మ్యాపు ఉంది. అరచేతిలో పోసుకుని మొలకల్ని వేరుగా, గింజల్ని వేరుగా పెడుతున్నాను.

వాకీటాకీ గరగరలాడింది.

"వినపడుతోందా? ఎన్ని దొరికాయి? ఓవర్."

"ఒకటి! దీని మేత సంచిలో ఏమున్నాయో తెలుసా—"

"రెండోదో?"

"రెండోది లేదు. రెండో దెబ్బ తప్పింది."

"తప్పలేదు. నేను చూశా. గుంపంతా అటు మలుపు తిరిగిపోయింది. ఒకటి మాత్రం విడిపోయి నా వైపు వచ్చింది. రెక్కలు చాపి అలా జారుకుంటూ. కాళ్ళు కిందికి వేలాడేసింది. కింద రాళ్ళ పోగుంది చూడు, అక్కడ పడింది."

"దిగిందేమో. దిగేటప్పుడు పిట్టలు కాళ్ళు చాపుతాయి."

"ఎగిరిన దగ్గర్నుంచే చాపుతాయా?"

అన్న ముఖంలో నవ్వు పోయింది. వాకీటాకీ అందుకున్నాడు.

"చెల్లె, కాళ్ళు వేలాడేసిందా? మంచిగ చూసినవా?"

"చూశానన్నయ్యా. రెండూ."

"అయితే నువ్వు కదలకు. ఆ జాగ మీదికెళ్ళి కన్ను తియ్యకు. నీళ్ళు తాగాలన్నా చూసుకుంటనే తాగు."

వాకీటాకీ నాకు తిరిగి ఇచ్చి అన్నాడు. "కాళ్ళు వేలాడేసిందంటే దెబ్బ తగిలినట్టే."

రాళ్ళ పోగు మాకు రెండువందల అరవై మీటర్ల కింద ఉంది. అంటే మూడు గంటలు ఎక్కిన ఎత్తులో సగానికి పైగా దిగాలి. దిగితే మళ్ళీ ఎక్కడానికి అన్న మోకాళ్ళు ఒప్పుకోవు; ఆ రోజుకి వేట అయిపోయినట్టే. పైన అంచు వెనక ఇంకో గుంపు కూస్తోంది, స్పష్టంగా వినపడుతోంది.

"నీ ఇష్టం తమ్మీ" అన్నాడు అన్న. "పైకి పోతే పిట్టలున్నయ్. కిందికి పోతే ఒక్కటి. అది గూడ దొరుకుతదో లేదో. నేను కుక్క దిక్కు చూస్తున్న, పిట్టను చూడలే, నువ్వు చూడలే. చూసింది ఆమె ఒక్కతే."

నా నోటుబుక్కులో అప్పటికే "పడినవి: 1" అని ఇంకుతో ఉంది. ఆమె పొరబడి ఉండొచ్చని అనుకోవడానికి నాకు మూడు కారణాలు తోచాయి. దూరం ఎక్కువ. ఆమె ఈ పిట్టని ఎప్పుడూ చూడలేదు. సూర్యుడు ఆమెకి ఎదురుగా ఉన్నాడు. మూడూ సబబైన కారణాలే, మూడూ నాకు అనుకూలమైనవే. అది గమనించాకే కొంచెం సిగ్గేసింది. నేను తల దించుకున్న ఆ అర నిమిషం కొండమీద చూస్తున్నది ఆమె ఒక్కతే.

దొరక్కపోతే ఏమవుతుందో కూడా తెలుసు. షరతు షరతే. పది నెలల పని ఒక్క ఉదయంతో సరి. పైకి వెళ్ళి, "నీకు పొరపాటుగా కనిపించింది" అని చెప్పి ఉంటే ఆమె నమ్మేదేమో. నమ్మకపోయినా వాదించేది కాదేమో. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది.

"కిందికి పోదామన్నా."

"పా" అన్నాడు, అప్పటికే మోకాలి పట్టీలు బిగించుకుంటూ.

దిగడం ఎక్కడం కన్నా నెమ్మది. నలభై నిమిషాలు పట్టింది. పైనుంచి చూస్తే ఒక గుప్పెడు రాళ్ళలా ఉన్న పోగు, దగ్గరికి వస్తే పొడవు డెబ్భై మీటర్లు, వెడల్పు ముప్పై. కుర్చీ అంత రాళ్ళు, బీరువా అంత రాళ్ళు. ఇందులో అరకిలో పిట్ట.

"ఎక్కడ?" అన్నాను వాకీటాకీలో.

"కొంచెం ఎడమకి."

ఎడమకి వెళ్ళాను.

"అటు కాదు, ఎడమకి!"

"ఎడమకే వచ్చా!"

"నా ఎడమకి!"

"నీ ఎడమ నా కుడి!"

"నాయనా, తూర్పుకి వెళ్ళు. తూర్పు. మీ ఇంజనీరింగ్‌లో తూర్పు ఉందిగా?"

ఉంది. వాళ్ళింట్లో గదులకీ, పొలానికీ, అన్నం పళ్ళెం ఎటు పెట్టాలన్నదానికీ దిక్కులే వాడతారు. పెళ్ళైన కొత్తలో నాకు అది వింతగా ఉండేది. నేను జేబులోంచి దిక్సూచి తీశాను. ఆమెకి అది అక్కర్లేదు.

"తూర్పుకి పది అడుగులు... ఆగు. ఇప్పుడు దక్షిణానికి, పైకి. రాయి మీద తెల్లమచ్చ ఉంది, పిట్ట రెట్టలాంటిది. కనిపించిందా? దాని పడమట పక్కన పడింది."

తెల్లమచ్చ ఉంది. పిట్ట లేదు. అన్న కుక్కని పిలిచి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. కుక్క రాళ్ళ మీద ముక్కు ఆనించి తిరిగింది, వదిలేసింది, మళ్ళీ తిరిగింది. మధ్యాహ్నపు ఎండకి పొడిరాయి మీద వాసన నిలవదన్నాడు అన్న. పావుగంటకి ఒక ఈక దొరికింది, చారలున్నది. ఈక కింద రాతి మీద మిరపగింజంత రక్తం. నా మూడు కారణాలూ అక్కడితో పోయాయి.

"ఈక దొరికింది" అన్నాను.

"ఈక కాదు కావల్సింది" అంది.

ఇంకో ఇరవై నిమిషాల తర్వాత, పోగుకి పై కొసన, కుక్క మళ్ళీ బొమ్మైపోయింది. ఈసారి ముక్కు రెండు రాళ్ళ మధ్య సందులో ఉంది. నేను పొట్ట మీద పడుకుని ఫోన్ లైటు వేశాను. సందు జానెడు వెడల్పు. లోపల చీకట్లో మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత ఒక ఎర్రటి చుక్క, దాని పక్కన ఇంకొకటి. కాళ్ళు. అన్న చేతికర్ర తీసుకుని లోపలికి పెట్టి దూరం కొలిచాను. తొంభై సెంటీమీటర్లు.

చొక్కా చేతులు మడుచుకుంటుంటే అన్న నా భుజం పట్టుకుని వెనక్కి లాగాడు.

"పిచ్చా నీకు? చలికాలం గిలగిల పాములు గిట్లాంటి సందుల్లనే పంటయ్."

తోకతో చప్పుడు చేసే విషపు ర్యాటిల్‌స్నేక్‌ల్ని అన్న అలాగే అంటాడు. అంటే చెయ్యి పెట్టడానికి లేదు. కర్రతో పొడిస్తే పిట్ట ఇంకా లోపలికి పోతుంది. మిగిలింది పైనుంచి రాళ్ళు తీయడం. అయితే ఏ రాయి తీస్తే ఏది కూలుతుందో తెలియాలి. కూలితే పిట్ట మీదే. పది నిమిషాలు కూర్చుని చూశాను. బరువు మోస్తున్న రాయి ఏది, ఊరికే ఆనుకుని ఉన్నది ఏది, రెండిటికీ మధ్య మేకులాగా ఇరుక్కున్నది ఏది. ఒక్కోదాని మీద సుద్దరాయితో నంబరు వేశాను. అన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయిందా సారూ, డిజైన్ రివ్యూ?"

"నాలుగో నంబరు ముట్టుకోవద్దు. మిగతావి ఈ వరసలో."

"సరే తియ్యి. నంబర్లు రాళ్ళకి తెల్వయ్, జర భద్రం."

పదకొండు రాళ్ళు తీశాం, ఒక్కోటి ఇద్దరం పట్టుకుని. ఏడో రాయి దగ్గర వరస తప్పు అని తేలింది. తొమ్మిదోది ముందు తీయాల్సింది. అన్న భుజం ఆనించి ఏడోదాన్ని ఆపితే నేను తొమ్మిదోదాన్ని లాగాను. కింద నుంచి మధ్య మధ్యలో వాకీటాకీ మాట్లాడేది. "చేతులు జాగ్రత్త." "కుక్కకి నీళ్ళిచ్చారా?" చివరికి వెలుతురు లోపలిదాకా పడింది. పాము లేదు. పిట్ట మూలకి ఒదిగి ఉంది, ఒక రెక్క పక్కకి వాలిపోయి. రెండు చేతులతో పట్టుకుని బయటికి తీశాను.

బతికే ఉంది. తల తిప్పి నన్ను చూసింది, అరవలేదు. నా వేళ్ళ కింద దాని గుండె కొట్టుకుంటోంది. లెక్కపెట్టబోయాను. కుదరలేదు, నా లెక్క కన్నా అది వేగంగా ఉంది.

"దొరికిందా?"

"దొరికింది. బతికే ఉంది."

"రెక్క ఎలా ఉంది?"

"కీలు దగ్గర విరిగింది. వేలాడుతోంది."

"అయితే ఆలస్యం చెయ్యకు. దాన్నలా పట్టుకుని చూస్తూ కూర్చోకు. వింటున్నావా?"

అన్న చెయ్యి చాపాడు, తను చేస్తానన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన వాకీటాకీని నా చెవి దగ్గర పట్టుకున్నాడు.

"ఒంటిని చంకలో అదిమిపట్టు. రెండో చేత్తో తల వెనకనుంచి పట్టుకో, రెండు వేళ్ళ మధ్య. కిందికి లాగి వెనక్కి విరువు. ఒక్కసారే. సగంలో ఆగకు, అదే పాపం."

ఒక్కసారే చేశాను. పెద్ద బలం అక్కర్లేదు. తర్వాత కూడా రెక్కలు కొట్టుకున్నాయి; అది మామూలేనని ఆమె ముందే చెప్పి ఉంటే బాగుండేది. ఆగిపోయాక గడ్డి మీద పెట్టి, ఈకలు సరిచేశాను. ఎందుకు సరిచేశానో తెలియదు. కుక్క వచ్చి వాసన చూసి, తన పని అయిపోయినట్టు పక్కన పడుకుంది.

"అయిందా?"

"అయింది."

"సరే. రండి, పులిహోర గడ్డకట్టేలా ఉంది. ఓవర్."

కిందికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఆమె ట్రక్కు బానెట్ మీద మోచేతులు ఆనించి నిలబడే ఉంది, బైనాక్యులర్ అంచులు కళ్ళ చుట్టూ గుండ్రంగా అచ్చుపడ్డాయి. మేం రెండు పిట్టల్నీ తలుపు మీద పక్కపక్కన పెట్టాం. ఆమె రెండోదాన్ని తీసుకుని, విరిగిన రెక్క విప్పి చూసి, మూసి పెట్టింది. తర్వాత నన్ను చూసింది.

"తుపాకి ఇచ్చెయ్యాలా?" అని అడిగాను.

"రెండూ వచ్చాయిగా."

"నువ్వు చూడకపోతే వచ్చేది కాదు."

"అందుకే వచ్చేసారి నేనూ పైకి వస్తా. కింద నుంచి అరిచి అరిచి గొంతు పోయింది." అన్న వైపు తిరిగింది. "అన్నయ్యా, మీరు తినండి ముందు. ఈయన ఏం రాసుకోవాలో అది రాసుకున్నాక తింటాడు."

"నేను తిననీకే వచ్చిన చెల్లె" అని అన్న పెరుగు డబ్బా తెరిచాడు.

సాయంత్రం ఐదింటికి ఇంట్లో వంటింటి గట్టు మీద పాత న్యూస్‌పేపర్ పరిచి ఆమె రెండు పిట్టల్నీ శుభ్రం చేసింది. నేను ఈకలు తీశాను, నెమ్మదిగా, తోలు చిరగకుండా. ఆమె మాంసాన్ని వేలికొసలతో అంగుళం అంగుళం తడిమి, తగిలిన ఆవగింజంత తూటా గుండునల్లా గోటితో బయటికి తీసి, స్టీలు గిన్నెలో వేసేది. తినేటప్పుడు పంటి కింద పడకూడదు కదా. ఒక్కోటి గిన్నెలో టింగుమనేది. ఒక్కో తూటాలో మూడువందల యాభై దాకా గుండ్లుంటాయి. మొదటి పిట్టలో దొరికినవి ఆరు. రెండోదాన్ని ఆమె రెండుసార్లు తడిమింది, తర్వాత నా చేత కూడా తడిమించింది.

అందులో ఉన్నది ఒకటి.